నూటొక్క ముక్కలు, నూటొక్క పేర్లు: గాంధారి కథపై మూలకణ వాదం - ఒక నైతిక పరిశీలన

2019 జనవరిలో జలంధర్‌లో 106వ భారత వైజ్ఞానిక మహాసభ జరిగింది. ఆ సందర్భంగా, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అప్పటి ఉపకులపతి ఆచార్య జి. నాగేశ్వరరావు మాట్లాడుతూ, ఒకే తల్లికి నూరుగురు కౌరవులు పుట్టడానికి కారణం ప్రాచీన భారతీయులకు మూలకణ పరిశోధన, పరీక్షనాళిక విధానం తెలిసి ఉండడమేనన్న అభిప్రాయాన్ని ప్రకటించారు. శ్రోతలలో బడిపిల్లలు కూడా ఉన్నారు. దేశంలోని పలువురు శాస్త్రవేత్తలు నిరసన తెలిపారు. మహాసభను నిర్వహించే సంఘం ఆ వ్యాఖ్యలతో తాను ఏకీభవించడం లేదని చెప్పింది.

ఆధారాలు లేవన్న శాస్త్రవేత్తల సమాధానం సరైనదే. అయితే సాహిత్యాన్ని అధ్యయనం చేసేవారు ఆ సమాధానం దగ్గరే ఆగిపోవడానికి వీలులేదు. ఈ వాదం వల్ల విజ్ఞానశాస్త్ర చరిత్రకు జరిగిన అన్యాయం ఒకటైతే, కథకు జరిగిన అన్యాయం మరొకటి. మొదటి దానిపై కావలసినంత చర్చ జరిగింది. రెండవదాన్ని ఇంకా తేల్చుకోవలసి ఉంది. ఒక కథలోని జననాన్ని ప్రయోగశాలలో జరిగిన జననంగా చదివినప్పుడు, ఆ కథ అడిగిన ప్రశ్న ఏమవుతుంది?

ఆదిపర్వంలోని కథాక్రమం అందరికీ తెలిసినదే అయినా, వాదానికి అవసరమైన మేరకు గుర్తుచేసుకోవాలి. నూరుగురు కొడుకులు కలిగేట్టు వ్యాసుని వల్ల వరం పొందిన గాంధారి గర్భాన్ని రెండేళ్లు మోసింది. కుంతికి కొడుకు పుట్టాడన్న వార్త విని, ధృతరాష్ట్రునికి తెలియకుండా తన కడుపును తానే మోదుకుంది. ఇనుపగుండు లాంటి మాంసపిండం బయటపడింది. దాన్ని పారవేయబోతుండగా వ్యాసుడు వచ్చాడు. అతడు అడిగితే ఆమె దాచలేదు, అసూయ వల్లనే ఆ పని చేశానని ఒప్పుకుంది. చన్నీళ్లతో తడిపినప్పుడు ఆ పిండం బొటనవేలి కణుపంత ముక్కలుగా, మొత్తం నూటొక్కటిగా విడివడింది. వాటిని నేతి కుండల్లో ఉంచి కాపాడారు. మొదట పుట్టిన దుర్యోధనుని జననవేళ దుశ్శకునాలు కనిపించాయి. కులాన్ని కాపాడుకోవడానికి ఆ ఒక్కణ్నీ విడిచిపెట్టమని విదురుడు చెప్పాడు. తండ్రి వినలేదు. ఆ తరువాత మిగిలినవారు, వారితో పాటు దుస్సల పుట్టారు.

నేయి, చల్లని నీరు, గడువు, లెక్క: ఇన్ని వివరాలు ఒక్కచోట కనిపించడం వల్ల ఆధునిక పాఠకునికి ప్రయోగశాల గుర్తుకు రావడం సహజం. ఆ స్ఫురణను తప్పుపట్టనక్కరలేదు. దాన్ని సాక్ష్యంగా మార్చడమే చిక్కు.

మూలకణ విజ్ఞానం నిజంగా ఏమి చెబుతుంది? ఫలదీకరణం చెందిన ఒక్క అండం నుంచి మనిషి దేహంలో రెండు వందలకు పైగా రకాల కణాలు ఏర్పడతాయి. నాడీకణంలోనూ, కండరకణంలోనూ, కాలేయకణంలోనూ ఉన్న జన్యుసామగ్రి దాదాపు ఒక్కటే. అందులో ఏ భాగం పలుకుతుంది, ఏ భాగం మౌనంగా ఉంటుంది అన్న దగ్గరే తేడా అంతా ఉంది. భారతం ఒకటే అయినా హరిదాసు ఒక ఘట్టాన్నీ, తోలుబొమ్మలాటవాడు మరొక ఘట్టాన్నీ ఎత్తుకున్నట్టు, ప్రతి కణమూ తన దగ్గరున్న సమగ్ర గ్రంథం నుంచి కొంత మాత్రమే చదువుతుంది. ఏది చదవాలో పొరుగు కణాల సంకేతాలు, లోపలి నియంత్రక ప్రోటీన్లు, డి.ఎన్.ఎ. మీద చేరే రసాయనిక గుర్తులు నిర్ణయిస్తాయి. కొన్ని కణాలు మరీ దూరం వెళతాయి. మనిషి ఎర్రరక్తకణం పరిపక్వమయ్యే క్రమంలో తన కేంద్రకాన్నే వదులుకుంటుంది. ఇలా ఒక పనికి కుదురుకోవడమే కణ విశేషీకరణ. ఇంకా కుదురుకోకుండా, తనలాంటి కణాన్నీ, కుదురుకోబోయే కణాన్నీ పుట్టించగలిగేది మూలకణం.

1957లో వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్త ఈ ప్రక్రియను కొండ మీది నుంచి లోయల్లోకి దొర్లే బంతితో పోల్చాడు. దిగేకొద్దీ దారులు చీలుతాయి, ఒక లోయలోకి దిగిన బంతి పక్క లోయలోకి పోలేదు. వెనక్కి ఎక్కించవచ్చునన్న సంగతి మాత్రం క్రమంగా తేలింది. 1962లో గర్డన్ కప్పపిల్ల పేగుకణపు కేంద్రకాన్ని, కేంద్రకం లేకుండా చేసిన అండంలో పెట్టి కొత్త జీవి ఎదగగలదని చూపాడు. 1996లో పొదుగు కణం నుంచి డాలీ అనే గొర్రె పుట్టింది. 2006లో యమనక నాలుగు జన్యువుల సహాయంతో ఎలుక చర్మకణాలను తిరిగి మూలకణ స్థితికి తెచ్చాడు. గర్డన్‌కూ యమనకకూ 2012లో నోబెల్ బహుమతి కలిసి వచ్చింది. ఈ అర్ధశతాబ్దపు శ్రమలో విఫలమైన ప్రయోగాలెన్నో ఉన్నాయి. డాలీ ఒక్కదాని వెనుక 277 ప్రయత్నాలున్నాయి. 'మనవాళ్లకు ఎప్పుడో తెలుసు' అన్న మాటలో ఈ 277కు చోటు లేదు.

ఈ సమాచారాన్ని కథ పక్కన పెడితే పోలిక నిలవడం లేదు. వైద్యం కోసం వాడే మూలకణాలు ఆయా కణజాలాలను పుట్టించగలవు గాని, తమంత తాముగా మనిషిని పుట్టించలేవు. గాంధారి పిండంలోని ఒక్కో ముక్క ఒక్కో పూర్ణవ్యక్తి అయింది. జీవశాస్త్రంలో దీనికి దగ్గరగా వచ్చేది మూలకణం కాదు, పిండం చీలి సమరూప కవలలు పుట్టడం. అలాగైతే అందరూ ఒకే లింగానికి చెందాలి. కథలో నూటొక్కటవ ముక్క ఆడపిల్ల అయింది. దీన్ని కవి దోషంగా చెప్పడం హాస్యాస్పదం. కవి ఆ ప్రశ్న వేసుకోలేదు, అంతే. అతని ప్రశ్న వేరే ఉంది.

ఆ ప్రశ్నను పట్టుకోవడానికి ఆధునిక నీతిచర్చే ఒక దారి చూపుతుంది. 1984లో బ్రిటన్‌లో వార్నాక్ సంఘం, మానవ పిండాలపై ప్రయోగాలకు పద్నాలుగు రోజుల హద్దు సూచించింది. భారతదేశపు మార్గదర్శకాలూ అదే హద్దును స్వీకరించాయి. ఆ హద్దుకు చెప్పిన కారణాల్లో ఒకటి తాత్త్వికమైనది. సుమారు ఆ సమయానికి పిండంలో ఆదిమరేఖ ఏర్పడుతుంది. అంతకుముందు పిండం రెండుగా చీలి కవలలు కావచ్చు, తరువాత సాధారణంగా కాలేదు. రెండు కాగలిగినదాన్ని ఇంకా 'ఒకరు' అనలేము. ఒకరు కానిదానికి వ్యక్తికి ఇచ్చే రక్షణ అంతా ఇవ్వనక్కరలేదు. ఇదీ ఆ తర్కం. 'విభజనకు వీలున్నది వ్యక్తి కాదు' అన్నది సంక్షిప్త రూపం. పద్నాలుగు రోజుల లెక్కను సడలించవచ్చునని అంతర్జాతీయ మూలకణ పరిశోధన సంఘం 2021లో సూచించినా, ఈ తర్కం బలం తగ్గలేదు.

గాంధారి పిండం ఈ తర్కానికి అతి కఠినమైన పరీక్ష. అది రెండు కాదు, నూటొక్కటి కాగలిగినది. వార్నాక్ తర్కం ప్రకారం అక్కడ ఇంకా ఎవరూ లేరు. పారవేయబోయిన గాంధారి ఎవరికీ అన్యాయం చేయడం లేదు. అయినా వ్యాసుడు ఆపాడు. దీన్నిబట్టి భారతం పిండరక్షణను బోధిస్తోందని నిర్ణయించే తొందర కూడా ఉంటుంది. కాని కథలో విడిచిపెట్టే సందర్భం రెండుసార్లు వస్తుంది. మొదటిసారి రూపం లేని ముద్దను పారవేయవద్దని ఋషి చెప్పాడు, ఆమె వింది. రెండవసారి రూపం, పేరు ఉన్న శిశువును విడిచిపెట్టమని జ్ఞాని చెప్పాడు, తండ్రి వినలేదు. రెండుసార్లూ రక్షణే జరిగింది. రెండు రక్షణల ఫలమూ కురుక్షేత్రమే. రక్షించడం తప్పని కథ అనలేదు, ఒప్పని కూడా అనలేదు. రక్షించినవారు ఆ తరువాత దేనికి బాధ్యులవుతారన్నది దాని ప్రశ్న. దానికి సమాధానం ఆదిపర్వంలో దొరకదు. తెలుగు పాఠకుడు అందుకోసం గోదావరి తీరం నుంచి పెన్నాతీరానికి రావాలి.

ఆదిపర్వాన్ని తెలుగు చేసిన నన్నయ పదకొండవ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో ఉన్నాడు. స్త్రీపర్వాన్ని తెలుగు చేసిన తిక్కన పదమూడవ శతాబ్దంలో, నెల్లూరులో, మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్నాడు. కుండల్లో పుట్టినవారి శవాలను గాంధారి చూసే ఘట్టం తెలుగులో రూపుదిద్దుకున్నది సముద్రానికి కొద్ది దూరంలోని ఈ ఊరిలో. మంత్రిగా రాజ్యవ్యవహారాలు నడిపినవాడు, యుద్ధం తరువాతి లెక్క అంటే ఏమిటో తెలిసినవాడు ఆ పర్వాన్ని చేపట్టడం తెలుగు భారతానికి దక్కిన అదృష్టమనే చెప్పాలి.

స్త్రీపర్వంలో కళ్లకు గంతలున్న గాంధారి వ్యాసుడిచ్చిన దివ్యదృష్టితో రణరంగాన్ని చూస్తుంది. ఆమె 'నూరుగురు' అని ఏడవదు. దుర్యోధనుణ్ని చూసి ఒకలా, దుశ్శాసనుణ్ని చూసి మరొకలా శోకిస్తుంది. వికర్ణుడు, దుర్ముఖుడు, చిత్రసేనుడు, వివింశతి, దుస్సహుడు: ఒక్కొక్కరి దగ్గర ఆగుతుంది. ఎవరి గాయం ఎక్కడో, ఎవరి భార్య ఎలా పడి ఉందో చెబుతుంది. ఒకే ముద్ద నుంచి, ఒకే పరిమాణంలో, ఒకే రకం కుండల్లో పెరిగినవారు ఆమె మాటల్లో ఒకరికొకరు ఏమాత్రం పోలిక లేని మనుషులు. విశేషీకరణ అన్న మాటకు ఒక నైతికార్థం ఉంటే అది ఇక్కడుంది. కుండ వారిని వేరుచేసింది, తల్లి శోకం వారిని విశేషించింది.

భీముణ్ని ఆమె నిలదీసిన మాట ఇంకా ముఖ్యమైనది. నూరుగురిలో తక్కువ తప్పు చేసినవాణ్ని ఒక్కణ్నయినా, రాజ్యం పోయిన ఈ గుడ్డి ముసలి దంపతులకు ఊతకర్రగా మిగల్చలేకపోయావా అని ఆమె అడుగుతుంది. ఒకప్పుడు నూరు కోరినది ఈమే. కుంతికి ఒక్కడు పుట్టినందుకు ఓర్వలేక కడుపు మోదుకున్నదీ ఈమే. సంఖ్యగా కోరుకున్నవారిని వ్యక్తులుగా పోగొట్టుకోవడం, ఆ తరువాత ఒక్కడి కోసం అర్థించడం: ఆదిపర్వం నుంచి స్త్రీపర్వం దాకా గాంధారి నడిచిన దూరం ఇది. మూలకణ వాదం ఆ నడకను మొదటి అడుగు దగ్గరే ఆపేస్తుంది. నూరు అన్న అంకెను అది ఘనతగా చెప్పుకుంటుంది. కథ దృష్టిలో ఆ అంకె గాంధారి తొలి పొరపాటు.

అంకెనే ఘనతగా భావించే జననం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే నెల్లూరు పేరునే అనుసరించవచ్చు. ఈ తీరప్రాంతం నుంచి, ఒంగోలు సీమ నుంచి ఓడలెక్కిన పశువుల సంతతి బ్రెజిల్‌లో 'నెలోరె' పేరుతో స్థిరపడింది. ఆ జాతికి చెందిన వయాటినా-19 అనే ఆవు 2023 వేలంలో నలభై లక్షల డాలర్లకు పైగా విలువకట్టబడి ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన ఆవుగా పేరుపొందింది. దాని అండాలను ఫలదీకరించి, పిండాలను అద్దె ఆవుల గర్భాల్లో పెంచుతారు. అక్కడ లక్షణాలే విలువ, ఎన్ని దూడలైతే అంత లాభం. పశుపోషణలో ఇది తప్పని వాదించడం ఇక్కడి ఉద్దేశం కాదు. కౌరవుల పుట్టుకను సాంకేతిక విజయంగా పొగడేవారు తెలియకుండానే కౌరవులను మందగా చూస్తున్నారన్నది మాత్రం గమనించవలసిన విషయం.

మరి మూలకణాలకూ, ఈ తీరపు జీవితానికీ అసలు సంబంధమే లేదా? ఉంది. అది ఇతిహాసంలో కాదు, సున్నంలో ఉంది. 2022లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ వరకు నెల్లూరు జిల్లాలో భాగంగా ఉన్న పులికాట్ తీరంలో, సరస్సు అడుగున పేరుకున్న గుల్లను తవ్వి, కాల్చి సున్నం చేయడం పాత వృత్తి. గుల్లసున్నమైనా రాతిసున్నమైనా కంట్లో పడితే కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శకపు పొర, కాలిపోతుంది. తాంబూలపు సున్నం పొట్లం పిల్లల చేతిలో చిట్లి కళ్లలో పడడం మన కంటివైద్యులకు సుపరిచితమైన ప్రమాదం. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున కార్నియా పైపొరను నిరంతరం పునరుద్ధరించే మూలకణాలు ఉంటాయి. ఆ అంచు కూడా కాలిపోతే కన్ను తెల్లబడి మూసుకుపోతుంది. కేవలం దాత కార్నియాను అతికిస్తే నిలవదు.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 2001 నుంచి ఈ అంచు మూలకణాల మార్పిడి చేస్తోంది. అక్కడి వైద్యులు 2012లో ఒక సరళ పద్ధతిని ప్రచురించారు. రోగి ఆరోగ్యవంతమైన రెండో కంటి అంచు నుంచి సుమారు రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని ఎనిమిది, పది చిన్న ముక్కలుగా కోసి, దెబ్బతిన్న కంటి మీద పరచిన ఉమ్మనీటి సంచి పొరపై అమరుస్తారు. కణాలను పెంచే ప్రయోగశాల అవసరం లేకుండా, ముక్కలు కంటి మీదే విస్తరిస్తాయి. ఖరీదైన సదుపాయాలు లేని ఆసుపత్రులకు సైతం ఇది అందుబాటులోకి వచ్చింది.

ఒక చిన్న ముద్ద, ముక్కలు చేయడం, గర్భపు పొర మీద పెంచడం, పైగా కన్ను! గాంధారి కథతో పోలిక జలంధర్‌లో చెప్పినదానికన్నా ఇక్కడ ఎంతో గాఢంగా ఉంది. అందువల్లనే ఇక్కడ ఎక్కువ జాగ్రత్త కావాలి. ఈ పోలిక ఏదీ రుజువు చేయదు. వైద్యుడు భారతం చదివి ఈ పద్ధతిని కనిపెట్టలేదు, భారతం ఈ పద్ధతిని ముందే చెప్పలేదు. చదువరి మనసులో రెండూ కలిసి నిలిచే అవకాశం మాత్రం ఉంది, అది సాహిత్యానికి సంబంధించిన లాభం. ఉపమానానికి ఉపమేయం చరిత్ర కానక్కరలేదన్నది మన అలంకారశాస్త్ర విద్యార్థికి మొదటి సంవత్సరంలోనే తెలిసే సంగతి.

హద్దు దాటే పోలిక మరొకటి ఉంది. అంచున ఉండి ఒకే పనిని జీవితాంతం చేసే ఈ కణాలను చూసి, 'ప్రతి కణానికీ స్వధర్మం ఉన్నట్టే ప్రతి మనిషికీ' అనడం ఎంతో తేలిక. వర్ణవ్యవస్థకు జీవశాస్త్ర సమర్థన వెతికే చేతికి ఇది సిద్ధంగా దొరికే ఆయుధం. నిజానికి గర్డన్, యమనక చూపించినది వేరు. కణపు గతి పుట్టుకతో ముద్రపడినది కాదు, పరిసరాలు మారితే మారుతుంది. అయితే ఈ విషయాన్ని తీసుకుని వర్ణవ్యవస్థను ఖండించడం కూడా అదే తప్పును తిప్పి చేయడమవుతుంది. చర్మకణం వెనక్కి మళ్లలేకపోయి ఉన్నా, మనుషుల సమానత్వానికి ఏ లోటూ వచ్చేది కాదు. మనుషుల మధ్య న్యాయం కణాల సాక్ష్యం మీద ఆధారపడి లేదు.

ఇంత జాగ్రత్త ఎందుకన్న ప్రశ్నకు సమాధానం బజారులో ఉంది. భారత వైద్య పరిశోధన మండలి, జీవసాంకేతిక విభాగం కలిసి 2017లో వెలువరించిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం, నిరూపిత చికిత్సగా గుర్తింపు ఉన్నది ప్రధానంగా రక్తవ్యాధులకు చేసే రక్తమూలకణ మార్పిడికే. ఇతర జబ్బులకు మూలకణాలను వాడడం అనుమతి పొందిన పరిశోధనల్లోనే జరగాలి. సొంత బిడ్డ భవిష్యత్తు కోసం బొడ్డుతాడు రక్తాన్ని ప్రైవేటు నిల్వల్లో దాచడాన్ని మండలి సిఫారసు చేయలేదు. అయినా ఎదుగుదల లోపమున్న పిల్లల తల్లిదండ్రులకు చికిత్స పేరుతో ఆశను అమ్మేవారున్నారు. గర్భిణులకు బొడ్డుతాడు నిల్వను బీమాలా అమ్మేవారున్నారు. వారి ప్రకటనలు పనిచేసేది తల్లిదండ్రుల మనసులోని ఒక బలహీనమైన చోట: పక్కింటివారు బిడ్డకు చేసినది మనం చేయలేకపోతున్నామా అన్న చోట. గాంధారి కడుపు మోదుకున్న చోటూ అదే. మూలకణం మన పూర్వుల విద్యేనని ఒక విశ్వవిద్యాలయాధిపతి పిల్లల ముందు చెప్పినప్పుడు, ఆ మాట గర్వంగా మాత్రమే మిగలదు. అడగవలసిన ప్రశ్నలను అనవసరం చేస్తుంది. పూర్వులు నిరూపించినదానికి పరీక్షలెందుకన్న భావానికి అది తలుపు తీస్తుంది.

చివరగా లెక్క గురించి ఒక మాట. మూలకణ వాదులు ఎప్పుడూ 'నూరుగురు' అంటారు. కుండలు నూటొకటి. దుస్సల వారి లెక్కలోకి రాదు. తాను కోరిన నూరుకు అదనంగా ఒక ఆడపిల్ల ఉంటే బాగుండునని మనసులో అనుకున్న గాంధారికి, మిగిలిన ముక్క నుంచి పుట్టిన కూతురామె. స్త్రీపర్వంలో ఆమె మళ్లీ కనిపిస్తుంది. సోదరులందరూ పడి ఉన్న ఆ నేల మీద, భర్త సైంధవుని మొండెం దొరికినా తల దొరకక, దానికోసం వెతుకుతూ అటూ ఇటూ పరుగెడుతుంటుంది. ఆమెను కృష్ణునికి చూపిస్తున్నది గాంధారే.